తొంభై ఏడో గంట

ముందురోజు నుంచే మేత ఆపేశాం.
చెనిక్కాయ చెక్కా తవుడూ కలిపిన ముద్ద
రోజూ పొద్దున ఏడింటికి వేళ్ళతో చిదిమి వేసేదాన్ని.
ఇవాళ ఖాళీ వేళ్ళతో వంగితే
శీలవతి పిల్లలన్నీ నా నీడ కిందికి ఈదుకొచ్చాయి.

ఆరు తొట్లు. తొట్టికి పది.
కుళాయి నీళ్ళు రెండు రోజులు ఎండకు పెట్టి
బ్లీచింగ్ వాసన పోయాకే పోశాం.
చావాల్సిన దానితోనే చావాలి కదా,
ఇంక దేనితోనూ చావకూడదు.

సీసా మీద నీలం ముక్కోణం.
ఎక్కడో ఎన్నో ఎలుకలు చచ్చి సంపాదించిన రంగు.
చేపల సంగతి లోపలి కాగితంలో ఉంటుంది,
ఎనిమిది మడతలు విప్పితే, చీమ కాళ్ళంత అక్షరాల్లో.

అయిదింటికి అయిదు మోతాదులు.
ఆరోదాంట్లో ఏమీ కలపం. దాన్ని కంట్రోల్ అంటాం.
చెంగల్రాయులన్న 'పుణ్యాత్ముల తొట్టి' అంటాడు.
ముప్పై ఏళ్ళుగా ఈ జువాలజీ ల్యాబులో గాజు కడుగుతున్నాడు.
ఇంట్లో చేప వండనివ్వడు. ఎందుకో చెప్పడు.

మొదటి గంటలో ఏమీ జరగలేదు.
నాకు భయమేసింది అప్పుడే.
మూడో గంటకి అయిదో తొట్టిలో ఒకటి
పైకొచ్చి నోరు తెరిచింది,
అడగబోయిందేదో మరిచిపోయినట్టు.
ఒక పక్కకి ఒరిగింది. గిర్రున తిరిగింది.
'సమతుల్యం కోల్పోయినది' అని రాశాను.
మా నాయనైతే 'తల తిరిగినట్టుంది, పాపం' అనేవాడు.

గాజు కడ్డీతో తాకాలి. కదలకపోతే చచ్చినట్టు లెక్క.
చచ్చినదాన్ని వెంటనే తీసేయాలి,
లేకపోతే నీళ్ళు పాడవుతాయి.
పద్ధతుల పుస్తకంలో ఉందీ వాక్యం.
నవ్వాలో ఏమో తెలీక
కింద గీత గీసుకున్నాను.

ఇరవై నాలుగు. నలభై ఎనిమిది.
రెండో రాత్రి ల్యాబులోనే, రెండు బల్లలు కలుపుకుని.
కిటికీలో ఘాట్ రోడ్డు దీపాలు
కొండకి వంకరగా వేసిన కుట్లలాగా.
పాకాల నుంచి నాయన ఫోను.
టమేటాకి ఊజీ పట్టిందంట.
"సాయంత్రం మందు కొట్టినా పాపా,
డబ్బా వంకలో కడిగేసొచ్చి ఇప్పుడే సంగటి తింటా ఉండా."
ఏం మందు?
"పేరెవురికి తెలుసు? నీలం గుర్తుంటాది చూడు, అది.
అంగడాయన ట్యాంకుకి ఒక మూతన్న్యాడు. నేను రెండేసినా."

మూతకి ఎన్ని మిల్లీలీటర్లో,
వంకలో మోకాటికెంత నీళ్ళో,
గులకరాళ్ళ సందుల్లో ఎన్ని పరక పిల్లలో.
లెక్క తెగలేదు.
"చేతులు సబ్బేసి కడిగినావా నాయనా"
అది మాత్రం అడిగాను.
"కడిగినాలే" అన్నాడు, నములుతూ.

డెబ్భై రెండు. తొంభై ఆరు.
గ్రాఫు కాగితం మీద చుక్కలన్నీ ఒక గీతకి లొంగాయి.
యాభై దగ్గర్నుంచి అడ్డంగా, గీత తగలగానే నిట్టనిలువునా కిందికి.
వేలు ఆగినచోట ఒక అంకె.
సగం చచ్చే మోతాదు.
సగం బతికే మోతాదని కూడా అనొచ్చు. ఎవరూ అనరు.
మేడం కళ్ళజోడు ఎత్తి చూసి
"గీత బాగా వచ్చిందమ్మా" అన్నారు.
నిజమే, బాగా వచ్చింది.

మూడో తొట్టిలో అయిదు మిగిలాయి.
మొప్పల మీద జిగురు, తోకలు బరువుగా.
ఒకటి మాత్రం గోడ పట్టుకుని
ఎడమ వైపుకే, ఎడమ వైపుకే తిరుగుతోంది.
"బతికినోటిని ఏం జేద్దాం అమ్మణ్ణీ?"
బకెట్టుతో నిలబడ్డాడు చెంగల్రాయులన్న.
చెరువులో వదలకూడదు. ఎవరికీ ఇవ్వకూడదు.
మిగతాది ఆయనకీ తెలుసు, నన్నెందుకు అడుగుతాడో.

పట్టికలో తొంభై ఆరు దాకానే గళ్ళు.
స్కేలు తీసుకుని పక్కన ఇంకొకటి గీశాను.
తొంభై ఏడు.
ఏం రాయాలో తోచక డబ్బా మూత తీసి
చెక్క ముద్ద చిదిమి నీళ్ళ మీద వేశాను.

నాలుగు వచ్చాయి.
అయిదోది తిరుగుతూనే ఉంది.